ఏడుమెట్ల నడిపొద్దు బీటు

డైరీ నం. 1. మే 2, ఉదయం 5.10. వేడి 31.

కొండ మీది ఏడుమెట్ల ఊళ్ళో మూడో మెట్టు వరసలో పొట్నూరు అచ్చియ్యమ్మ, వయసు డెబ్బై నాలుగు, ఒంటరి మనిషి, నిన్న మధ్యాహ్నం మూసిన తలుపు వెనకాల చచ్చిపోయింది. ఎండ చంపిందని మండలి ప్రకటన. అది అబద్ధం. చంపినవాడు తీరప్రాంత రక్షణాధికారి నిరంజన్. ఏప్రిల్ పదిహేనున మా పోలీసు స్టేషను మూయించి, నడిపొద్దు బీటును, అంటే మిట్టమధ్యాహ్నపు పోలీసు గస్తీని, రద్దు చేసినవాడు ఆయనే.

ఇది రాస్తున్నది తవిటమ్మ, ఇరవై రెండేళ్ళు. ఏప్రిల్ పదిహేను వరకూ ఆ స్టేషనుకు రైటరును. వచ్చినవాళ్ళు ఏం చెప్పారో, వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారో, టైము వేసి స్టేషను డైరీలో ఎక్కించడం నా పని. మూసిన రోజున బల్లలు, బీరువాలు, లాఠీలు, తడికోట్లు అన్నీ జాబితా రాయించుకుని బండెక్కించారు. డైరీని మాత్రం ఉత్త కాగితమని వదిలేశారు. ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. స్టేషను లేకపోతే డైరీ ఉండకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఉన్నా రాస్తాను.

డైరీ నం. 2. మే 2, సాయంత్రం 4.40. వేడి 41.

ఇక బయటికి రావచ్చని నాలుగింటికి మోగే చల్లకూత పడగానే అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళాను. తెల్లారకముందే మట్టి చేశారు. ఇంట్లో గురువులు ఒక్కడే ఉన్నాడు. స్టేషను మూసేదాకా మా కానిస్టేబులు, ఇప్పుడు నీళ్ళబండి తోలుతున్నాడు. నిన్న సాయంత్రం నీళ్ళు పొయ్యడానికి వచ్చి, పలకకపోతే తలుపు పగలగొట్టింది అతనే.

గోడకున్న చల్లగాలి గొట్టం చూపించాడు. దాని కింద నేల మీద పాత చీరముక్క ఉండచుట్టి పడి ఉంది.

"కీళ్ళనొప్పులని గొట్టం మూతికి గుడ్డ కుక్కుకునీది," అన్నాడు. "ఈ మెట్ల మీద ముసిలోళ్ళందరూ అంతే. గాలి కొడితే మోకాళ్ళు పట్టేత్తాయంటారు. పొద్దున్న కుక్కుతారు, ఉక్క ఓర్సుకోలేనప్పుడు పీకుతారు."

"పీకింది కదా. కిందే ఉంది."

"పీకింది రైటరమ్మా. గాలే రాలేదు."

తలుపు మీది పలకలో అక్షరాలు ఇంకా వెలుగుతున్నాయి. 'ఇల్లు ఖాళీ. 12.40కి చల్లగాలి నిలిపివేయబడినది. పొదుపునకు ధన్యవాదములు.'

రెండుసార్లు చదివాను. స్టేషనుకు బదులు స్తంభాలకు బిగించిన కన్ను గోడలోంచి ఒంటి వెచ్చదనం చూసి, ఇంట్లో ఎందరున్నారో లెక్కపెడుతుంది. గుడ్డ కుక్కిన గది పన్నెండున్నరకల్లా మనిషి ఒంటితో సమానంగా కాగుతుంది. అప్పుడు గోడా, మంచమూ, ముసలమ్మా అన్నీ దానికి ఒకటే. మనిషి లేదనుకుంటుంది. మనిషి లేని ఇంటికి గాలి దండగని గొట్టం మూసేస్తుంది.

"దొంగల్ని పట్టడానికన్నారు ఈ కన్ను," అన్నాడు గురువులు. "అచ్చియ్యమ్మ ఇంట్లో దొంగిలించడానికి ఆ గుడ్డముక్క తప్ప ఏటుంది."

అతని హాస్యాలకు స్టేషనంతా నవ్వేది. ఇవాళ అతనూ నవ్వలేదు.

డైరీ నం. 3. మే 3, మధ్యాహ్నం 12.15. వేడి 48.

వీధులు ఖాళీ చెయ్యమనే ఎండకూత పడి గంటంపావు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. అచ్చియ్యమ్మ గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్న బీటు పుస్తకాన్ని నిన్న తెచ్చుకున్నాను. చివరి సంతకం ఏప్రిల్ 14, మధ్యాహ్నం 12.25, హెడ్ కానిస్టేబులు దానియేలు. ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

సముద్రం పాత ఊళ్ళను తినేశాక, మమ్మల్ని ఈ కొండ మీద ఏడు వరసలుగా కూర్చోబెట్టారు. ఇక్కడ దొంగలకు అర్ధరాత్రి కంటే మిట్టమధ్యాహ్నమే వీలు. పదకొండు నుంచి నాలుగు దాకా వీధిలో కాకి కూడా ఉండదు. అందుకే మా పోలీసుల గస్తీ నడిపొద్దున. మెట్టుకు ఒక మనిషి, మూడూ నాలుగూ మాత్రం రెండూ దానియేలు హెడ్డు గారికే, మొత్తం ఆరుగురు. గోనె, దూది కలిపి కుట్టిన తడికోటు తొట్టిలో ముంచి తొడుక్కుని బయల్దేరేవాళ్ళు. కోటు తడి నలభై నిమిషాలు. ఈలోగా వరస తిరిగి రావాలి.

మొదట్లో తాళాలు చూడ్డానికే ఆ బీటు. ఒంటరివాళ్ళు తలుపుల వెనక చచ్చిపోవడం మొదలయ్యాక పని మారింది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, దానంతట అదే మారింది. ఒంటరి మనుషుల తలుపు మీద లాఠీతో రెండు దెబ్బలు. లోపలినుంచి "ఉన్నాం" అనాలి. ఒక్కరే ఉన్నా "ఉన్నాం" అనే అనాలి, వీధిలో దొంగ ఉంటే ఇంట్లో పదిమంది ఉన్నారనుకోవాలని. పలక్కపోతే తలుపు పగలగొట్టడమే.

నా చిన్నప్పుడు ఆ మాట చెప్పడం నా వంతు. అమ్మమ్మ పక్కన చీకటి గదిలో పడుకుని లాఠీ కోసం చెవి ఒగ్గి ఉండేదాన్ని. టక్ టక్. "ఉన్నాం." బూట్లు పక్కింటికి నడిచేవి. టక్ టక్, "ఉన్నాం." ఆ పక్కింటికి. గొంతులు దూరమై దూరమై, ఎన్నో ఇంటి దగ్గరో నాకు నిద్ర పట్టేసేది. ఇప్పుడు మధ్యాహ్నాలు చప్పుడు లేకుండా ఉంటాయి. నాకు నిద్ర రావడం లేదు.

స్టేషను గుర్తొస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి ఫాలిన్, అందరూ వరసలో నిలబడితే దానియేలు హెడ్డు గారు పేర్లు పిలిచి డ్యూటీలు చదవడం. సెంట్రీకి ఇద్దరు, సమన్లకు ఒకరు, నీళ్ళరేవు తగాదాలకు ఇద్దరు, బీటుకు ఆరుగురు. ఆయన చదివే తీరు పెళ్ళి పిలుపులు చదువుతున్నట్టుండేది. బీటు నుంచి వచ్చాక తీగ మీద ఆరేసిన కోట్ల నుంచి వసారాలోకి కారే నీళ్ళు. వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క, గంటగంటకూ సెంట్రీ దాన్ని కొట్టే మోత. ముంపులో పోయిన లైను నుంచి తెచ్చిన ముక్క అది. బరువని బండెక్కించలేదు, అక్కడే ఉంది.

అప్పట్లో నాకు ఇవేవీ కనబడలేదు. రేషను డిపోలో సంచుల మధ్య వచ్చే ఎనిమిది పేజీల కరపత్రాలు చదివి, పోలీసన్నవాడి మీద ఎవరు పోలీసు అని అడుగుతూ తిరిగేదాన్ని. హెడ్డు గారు నన్ను "కాయితం పిల్ల" అనేవారు. అయినా రైటరు పని నేర్పింది ఆయనే. నేర్పిన మొదటి సూత్రం: ఎదుటివాడి మాట కూడా రాయకుండా పేజీ మూయకూడదు.

డైరీ నం. 4. మే 4, మధ్యాహ్నం 1.50. వేడి 49.

పన్నెండున్నరకు టక్ టక్ వినిపించింది. కల అనుకున్నాను. మళ్ళీ వినిపించింది, కింది వరసలో. గొడుగు పట్టుకుని పరుగెత్తాను.

దానియేలు హెడ్డు గారు. తడిపిన గోనెసంచి నెత్తిమీంచి కప్పుకుని, గొడుగు కామతో తలుపు కొడుతున్నారు.

"ఏమిటిది హెడ్డు గారూ?"

"బీటు."

"బీటు రద్దయింది."

"ఒలే, ఉత్తర్వు నీకొచ్చింది, నాకొచ్చింది. అచ్చియ్యమ్మకి రాలేదు గదా. ఆ రోజు కూడా నా కోసం సూసే ఉంటాది."

"మీ కోటేది?"

"బండెక్కించినారు. తడికోట్లు పదకొండని జాబితా రాసింది నువ్వే."

"ఆ గోనె ఎంతసేపు తడి ఉంటుంది?"

"పావుగంట. దారిలో మూడు తొట్లున్నాయి. ముంచుకుంటాను."

"యాభై ఎనిమిదేళ్ళు మీకు. పడిపోతే?"

"పడితే నీ డైరీలో రాసుకో. టైము ఎయ్యడం మరిసిపోకు."

నాకు కోపం వచ్చింది. మీరిలా ఊరుకుని నడిస్తే వాడి తప్పు కప్పిపుచ్చినట్టేనని, జనం కదలాలని, కదిలితేనే అధికారం దిగొస్తుందని గట్టిగా చెప్పాను.

"కదుల్తారు, సాయంత్రం నాలుక్కి," అన్నారు. "ఇప్పుడు పన్నెండూ నలభై. కొంచెం ఇటు జరుగు, నీ గొడుగు నీడ నా మీద పడ్నీ."

జరిగాను. మిగిలిన తలుపులన్నీ పక్కనే నడిచాను. మూడు, నాలుగు మెట్లలో ఒంటరి ఇళ్ళు ముప్పై నాలుగు, అచ్చియ్యమ్మది పోగా ముప్పై మూడు. ప్రతి తలుపూ పలికింది. నాలుగో మెట్టులో కళ్ళు కనబడని సోడమ్మ, "ఇన్నాళ్ళు ఏటైపోనావురా, సెలవెట్టినావా?" అని లోపల్నించే తిట్టింది. ఆయన "ఆఁ, పెళ్ళికెళ్ళినాను," అన్నారు.

ఒక సంగతి. ఇంటింటి దగ్గరా మేకు నుంచి బీటు పుస్తకం తీసి, సంతకం పెట్టకుండా సంచిలో వేసుకున్నారు. అన్నీ అయ్యాక నీళ్ళట్యాంకు నీడన కూర్చుని, ఒడిలో పెట్టుకుని, వరసగా అన్నింటికీ సంతకాలు పెట్టారు. ఈ అలవాటు నాకు కొత్త కాదు. దీని గురించి ఈ పేజీలో ఇంకేమీ రాయను.

డైరీ నం. 5. మే 5, ఉదయం 9.30. జోనల్ పట్నం, రక్షణ భవనం మెట్ల మీద.

తెల్లవారుజాము నాలుగింటి బస్సుకు వచ్చాను. అచ్చియ్యమ్మ బీటు పుస్తకం, తలుపు పలక ఫోటో, నాలుగు పేజీల ఫిర్యాదు తెచ్చాను. అరుస్తాడనుకున్నాను, అరవడానికి సిద్ధపడి వచ్చాను. నిరంజన్ కుర్చీ చూపించి మంచినీళ్ళు ఇప్పించాడు. కళ్ళకింద నలుపు. నా ఫిర్యాదు మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"కన్నులో ఈ లోపం ఉందని నేనూ రాశానమ్మా పైకి. సరిచేయడానికి మూడు నెలలంటున్నారు."

"మూడు నెలలకు వేసవి అయిపోతుంది. మనుషులూ అయిపోతారు. అప్పటిదాకా బీటు వెయ్యండి."

"ఏ ఆధారంతో వెయ్యమంటారు? మీ బీటు నిజంగా నడిచేదైతే నేను తీసేవాణ్ణే కాదు. ఏడాది పాటు మూయకుండా ఆపాను ఆ స్టేషన్ని." ఫైలు తెరిచి ఒక కాగితం నా వైపు తిప్పాడు. "ఇది చూడండి. మీ ఊళ్ళోంచే వచ్చింది. ఎవరో బాగా చదువుకున్నవాళ్ళు. ఇది చూశాక ఇంక సమర్థించలేకపోయాను."

'మధ్యాహ్న గస్తీ కాగితం మీద మాత్రమే నడుచుచున్నది. హెడ్ కానిస్టేబులు ముప్పై నాలుగు ఇళ్ళ పుస్తకములను ట్యాంకు నీడన పరుచుకొని దొంగ సంతకములు చేయుటను స్వయముగా చూచితిని. ప్రజల సొమ్ము తినుచు ప్రజలను మోసగించు ఈ వ్యవస్థను సమూలముగా పెకలించవలెను. ఇట్లు, ఒక పౌరురాలు.'

కిందటి డిసెంబరులో రాసిన అర్జీ. పెకలించవలెను అన్న మాట ఏ కరపత్రంలో నుంచి తీసుకున్నానో కూడా నాకు గుర్తుంది.

"ఎంత నిప్పులాంటి భాష," అన్నాడు నిరంజన్, నిజంగా మెచ్చుకుంటూ.

నేను లేచి వచ్చేశాను. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

డైరీ నం. 6. మే 5, సాయంత్రం 6.20. వేడి 40.

బస్సు దిగి నేరుగా హెడ్డు గారింటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని గోనెసంచికి దూది పెట్టి కుట్టుకుంటున్నారు. నిలబడే చెప్పాను. అర్జీ రాసింది నేనని, దానివల్లే స్టేషను పోయిందని.

సూదిలో దారం ఎక్కించారు.

"తెలుసు," అన్నారు.

"ఎలా తెలుసు?"

"మూసిన నాడు ఆ కాయితం సూపించినారు గదే, ఇదిగో నీ మీద ఫిర్యాదు అని. నీ అచ్చరం నాకు తెలీదేటి? డైరీ రాయడం నేర్పింది నానే గదా."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు నన్ను అడిగినావేటి?"

ఆ మాట మెల్లగానే అన్నారు. ఇప్పుడు అడిగాను, ఐదు నెలలు ఆలస్యంగా. సంతకాలు ఇంటింటి దగ్గరా ఎందుకు పెట్టరు హెడ్డు గారూ అని.

"కోటు తడి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"ఇంటి కాడ చేతి తొడుగు ఇప్పాలి, కలం తియ్యాలి, టైము రాయాలి, సంతకం ఎట్టాలి. అరనిమిషం. ముప్పై నాలుగిళ్ళు. లెక్కెయ్యి."

లెక్కపెట్టాను. పదిహేడు నిమిషాలు.

"ఆ పదిహేడు నిమిషాలు ఇంటికాడ నిలబడితే ఆకరి పదిళ్ళు సూడకుండానే తిరిగొచ్చెయ్యాల. అందుకని తలుపు కొట్టీడం, మాట ఇనీడం, పుత్తకం సంచిలో ఏసుకుని ముందుకెళ్ళీడం. నీడకొచ్చినాక సంతకాలు. చల్లకూతకి మళ్ళీ మేకులకి తగిలించీడం. రూలు ప్రకారం తప్పే. తప్పని నాకూ తెలుసు." దారం కొరికి తెంపారు. "నువ్వు సూసిందే రాసినావు. అబద్ధం రాయలేదు. ఎదుటోడి మాట రాయకుండా పేజీ మూసేసినావు, అంతే."

తిడితే బాగుండేది. తిట్టకపోగా కుట్టడానికి ఇంకో గోనెసంచి నా ఒళ్ళో పడేశారు.

డైరీ నం. 7. మే 7, మధ్యాహ్నం 3.30. వేడి 50.

నిన్నా, ఇవాళా మేమిద్దరం చెరొక మెట్టు పంచుకున్నాం. ఆయనకు నాలుగు, నాకు మూడు. మూడో మెట్టు ముగించుకుని ట్యాంకు నీడకు వచ్చేసరికి ఆయన లేరు. పది నిమిషాలు చూశాను. పైకి పరుగెత్తాను. వీధి ఖాళీ. సోడమ్మ ఇంటి ముందు గొడుగు పడి ఉంది, తలుపు తెరిచి ఉంది. కూత పడ్డాక ఈ ఊళ్ళో తెరిచిన తలుపు నేనెప్పుడూ చూడలేదు.

లోపల హెడ్డు గారు నేలమీద, గాలిగొట్టం మూతి కింద పడుకుని ఉన్నారు. గుడ్డ పీకేసి ఉంది. సోడమ్మ తడిమి తడిమి ఆయన నుదుటి మీద తడిబట్ట వేస్తోంది. ఆమె అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి, తలుపు ఇనుము పట్టుకున్నందుకు.

"రెండు దెబ్బలు కొట్టినాడు," అంది. "ఉన్నాం అన్నాను. బూట్ల సప్పుడు పక్కింటికి ఎళ్ళాలి గదా. ఎళ్ళలేదు. కళ్ళు లేనిదాన్ని గానీ సెవులున్నాయి. తలుపు తీసి కాళ్ళట్టుకు ఈడ్సినాను. బరువే సచ్చినోడు."

ఆయన పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"ఇంకా... తొమ్మిదిళ్ళు," అన్నారు.

ఆ తొమ్మిదిళ్ళూ నేను తిరిగాను. ఎనిమిది పలికాయి. తొమ్మిదో తలుపు పలకలేదు. పగలగొట్టాను. లోపల తాతకు స్పృహ లేదు, ఊపిరి ఉంది. పలక మీద 'ఇల్లు ఖాళీ' అని ఉంది. గురువులు నీళ్ళబండిలో ఇద్దర్నీ వైద్యశాలకు తీసుకెళ్ళాడు. ఇద్దరూ బతుకుతారన్నారు. హెడ్డు గారు మాత్రం నెల పాటు ఎండ మొహం చూడకూడదు.

డైరీ నం. 8. మే 8, ఉదయం 5.30. వేడి 34.

ఈ పేజీ డైరీలో నుంచి చింపి రేషను డిపో గోడకు అంటిస్తున్నాను. స్టేషను డైరీ పేజీ చింపడం నేరం. చింపింది తవిటమ్మ, టైము పైన వేశాను.

డైరీలో రాసినది కొట్టివెయ్యకూడదు, తప్పుంటే కింద కలపాలి. కాబట్టి మొదటి పేజీకి ఇది కలుపుతున్నాను. అచ్చియ్యమ్మ చావుకు కారణమైనవాళ్ళుగా ఒక్క పేరే రాశాను. రెండో పేరు నాది. దానియేలు హెడ్డు గారివి దొంగ సంతకాలని అర్జీ రాసినది నేను. ప్రతి సంతకం వెనకా ఆయన ఎండలో నడిచి, తలుపు కొట్టి, ఒక గొంతు విన్నారు. ట్యాంకు నీడన ఆయన్ను చూసిన నేను, ఒక్కరోజు కూడా ఆయన వెనక నడిచి చూడలేదు. నా మీద కోపం ఉన్నవాళ్ళు ఉంచుకోండి. కానీ రేపు మధ్యాహ్నం తర్వాత వచ్చి తిట్టండి.

రేపు వేడి యాభై రెండు అంటున్నారు. ఏడు మెట్ల మీద ఒంటరి తలుపులు నూట పద్దెనిమిది. కన్ను సరికావడానికి మూడు నెలలు. పోలీసులు లేరు, తడికోట్లు లేవు, ఉత్తర్వు లేదు. కోట్ల పని మేం చూస్తున్నాం. నేనూ, గురువులూ, అతని భార్యా కలిసి రాత్రికల్లా పద్నాలుగు గోనెకోట్లు కుట్టేస్తాం. ఒక మెట్టుకు ఇద్దరు, ఒకరు కొట్టడానికి, ఒకరు గొడుగు పట్టడానికి. కూత పడ్డాక వీధిలో తిరిగితే జరిమానా అని బోర్డు ఉంది. ఉండనివ్వండి.

పనిలో ఒక్కటే సూత్రం. రెండు దెబ్బలు కొట్టండి. "ఉన్నాం" అనే మాట చెవితో వినేదాకా కదలకండి. వినగానే పుస్తకం సంచిలో వేసుకుని నడవండి, బూట్లు గట్టిగా చప్పుడయ్యేటట్టు. లోపల ఆ చప్పుడు వినేవాళ్ళుంటారు. సంతకాలు నీడలోకి వచ్చాకే.

మే 9, ఉదయం పదకొండు గంటలకు, ఎండకూతతో పాటే, పాత స్టేషను వరండా దగ్గరికి రండి. మంచి గొడుగు, చేతికర్ర తెచ్చుకోండి. రైలుపట్టా మీద ఏడు దెబ్బలు కొడతాను, మెట్టుకొకటి. వచ్చిన ప్రతి మనిషి పేరూ టైము వేసి రాస్తాను. ఆ పేర్లను ఫాలిన్‌లో హెడ్డు గారు చదివినట్టే గట్టిగా చదువుతాను. మీ పేరు పిలిచినప్పుడు ఏమనాలో మీకు తెలుసు.